ఫోన్లో మిగిలిపోయిన ఆస్తి



మనిషి పోయిన ఇంట్లో మొదటి రోజులు ఏడుపులతో, వచ్చేపోయే చుట్టాలతో గడిచిపోతాయి. పెద్దకర్మ దగ్గర పడేసరికి ఆ ఇంటికి పెద్దదిక్కుగా వచ్చిన మేనమామో బాబాయో మెల్లగా ఒక మాట కదుపుతాడు. "ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి దగ్గర నుంచి ఎంత రావాలో ఎక్కడైనా రాసిపెట్టాడా అమ్మా?" అని. ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లోనే దొరికేది. బీరువా తీస్తే పాసు పుస్తకాలు, ఎల్‌ఐసీ బాండ్లు, డిపాజిట్ రసీదులు, ప్రామిసరీ నోట్లు, పొలం కాగితాలు ఒక గుడ్డ సంచిలో కనబడేవి. చదువు రాని తల్లికి కూడా ఆ సంచి ఎక్కడుందో తెలిసేది.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ సంచి లేదు. డిపాజిట్ ఫోన్లోనే వేస్తున్నాం. దాని రసీదు ఈమెయిల్‌కు వస్తోంది. షేర్లు డీమ్యాట్ ఖాతాలో ఉంటున్నాయి. మ్యూచువల్ ఫండ్‌కు నెలనెలా డబ్బు దానంతట అదే పోతోంది. బీమా పాలసీ పీడీఎఫ్‌గా వచ్చి మెయిల్లోనే ఉండిపోతోంది. పిల్లల పుట్టినరోజుల ఫోటోలు, అమ్మమ్మ గొంతు వినిపించే వీడియోలు, ఇవేవీ ఇంట్లో లేవు, ఎక్కడో ఉన్న సర్వర్లలో ఉన్నాయి. పోస్ట్‌మ్యాన్ గుమ్మం దాకా తెచ్చే కాగితం లేకపోయేసరికి, ఏముందో తెలిసిన మనిషి పోతే ఆ తెలివిడి కూడా ఆయనతోనే పోతోంది. డిజిటల్ ఆస్తుల వారసత్వం గురించి ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చింది అందుకే.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో చివరి ఏళ్లలో కౌంటరు దగ్గర నేను ఎక్కువగా చూసిన కష్టం ఇదే. ఒకటి చెబుతాను, ఊరూ పేరూ వద్దు. భర్తకు నలభై కూడా నిండలేదు. రోడ్డు ప్రమాదంలో పోయాడు. భార్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో మరణ ధ్రువీకరణ పత్రం, భర్త ఆధార్ కార్డు, అద్దం పగిలిన ఫోను. "అన్నీ ఇందులోనే ఉన్నాయండీ. ఆయనే చూసుకునేవారు. ఇదేమో తెరుచుకోవట్లేదు" అంది. ఆమెకు తెలిసిందల్లా మా బ్రాంచిలో ఆయన జీతం పడే ఖాతా ఒక్కటే. అందులో నామినీ ఆమే.

ఆ ఖాతాకు ఏడాది స్టేట్‌మెంట్ తీసి బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్క పంక్తి చదివాం. మే నెలాఖరులో 436 రూపాయలు కట్ అయ్యాయి. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఆ ఒక్క పంక్తి విలువ 2 లక్షల రూపాయలు. దాని కిందే 20 రూపాయలు. అది సురక్షా బీమా. ప్రమాదంలో పోయిన మనిషి కుటుంబానికి మరో 2 లక్షలు. ప్రతి నెలా ఒకే తేదీన ఒకే మొత్తం పోతోంది, అంటే ఎక్కడో మ్యూచువల్ ఫండ్ ఉంది. ఏడాదికి ఒక్కసారే కట్టిన పెద్ద మొత్తం ఒకటుంది, అది జీవిత బీమా పాలసీ. ఎప్పుడో పదకొండు రూపాయలు జమ అయ్యాయి, అవి డివిడెండ్, అంటే ఎక్కడో షేర్లున్నాయి. జీతం వేసిన కంపెనీ పేరు చూసి పీఎఫ్ సంగతి అడిగాం. ఉద్యోగంలో ఉండగానే సభ్యుడు పోతే ఈడీఎల్ఐ అనే బీమా కింద కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుందని ఆమెకూ తెలియదు, తమ్ముడికీ తెలియదు.

ఫోను తెరుచుకోకపోయినా ఆ రోజు ఆ కుటుంబానికి దారి దొరికింది. కాబట్టి ఇలాంటి కష్టంలో ఉన్నవారికి నేను ముందుగా చెప్పేది, ఫోను మీద కుస్తీ పట్టకండి, బ్యాంకుకు వెళ్లి కనీసం 12 నెలల స్టేట్‌మెంట్ అడగండి. మూడు నెలలది సరిపోదు. ఏడాదికి ఒకసారి కట్టేవి, ఏడాదికి ఒకసారి పడేవి అందులో కనబడవు.

ఇక ఫోను సంగతి. మన దగ్గర ఆస్తికంతటికీ తాళంచెవి ఇప్పుడు ఒక సిమ్ కార్డు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. ఆధార్ ఓటీపీ, పీఎఫ్ ఓటీపీ, డీమ్యాట్ ఓటీపీ అన్నీ దానికే. అలాంటి సిమ్‌ను మనిషి పోయిన నెలలోపే చాలామంది వదిలేస్తారు. "ఆయనే లేనప్పుడు ఆ నంబరుకు రీఛార్జి ఎందుకు" అనుకుంటారు. లేదా ఆ ఫోను తుడిచేసి మనవడికి ఇచ్చేస్తారు. రీఛార్జి లేని నంబరు కొన్నాళ్లకు ఆగిపోతుంది. ఆగిపోయిన నంబరును 90 రోజుల దాకా ఇంకెవరికీ ఇవ్వరని, ఆ తరువాత కొత్త చందాదారుకు ఇవ్వవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. అంటే ఆ గడువు దాటాక మీ నాన్నగారి బ్యాంకు నుంచి వచ్చే సందేశం ముక్కూముఖం తెలియని మనిషి ఫోన్లో మోగవచ్చు. వాట్సాప్ అయితే 120 రోజులు వాడకుండా ఉంటే సాధారణంగా ఖాతానే తీసేస్తుంది. అందులో ఉన్న మాటలూ, ఫోటోలూ బ్యాకప్‌లో లేకపోతే అంతే సంగతులు.

అందుకని సిమ్‌ను బతికించి ఉంచండి. చిన్న ప్లాన్ వేసి ఉంచినా చాలు. తరువాత మరణ ధ్రువీకరణ పత్రం, బంధుత్వం చూపే కాగితం, మీ గుర్తింపు కార్డు పట్టుకుని ఆ కంపెనీ స్టోరుకు వెళ్లి నంబరును వారసుల పేరు మీదికి మార్పించుకోండి. ఇది చట్టబద్ధమైన పని. అన్ని క్లెయిములూ ముగిసేదాకా, కనీసం ఒక ఏడాది, ఆ నంబరు ఇంట్లోనే ఉండాలి.

ఇక్కడ చెప్పడానికి కష్టంగా ఉండే సంగతి ఒకటుంది. పాడె కట్టే ముందు చనిపోయినవారి వేలు ఫోను మీద పెట్టి చూసిన కుటుంబాలు నాకు తెలుసు. వాళ్లను నేను తప్పు పట్టను. ఆ ఘడియలో వాళ్ల భయం అలాంటిది. కానీ ఆ పనివల్ల సాధారణంగా ఫలితం ఉండదు. చాలా సెన్సర్లు ప్రాణం లేని వేలిని గుర్తించవు. పైగా ఫోను ఒకసారి ఆగి మళ్లీ వెలిగితే వేలిముద్ర, ముఖం రెండూ పనికిరావు, పిన్ నంబరే అడుగుతుంది. తోచిన అంకెలన్నీ కొట్టి చూడటం ఇంకా ప్రమాదం. తప్పు పిన్ పదే పదే కొడితే కొన్ని ఫోన్లు పూర్తిగా బిగుసుకుపోతాయి, కొన్నిటిలో ఉన్నదంతా చెరిగిపోయేలా సెట్టింగు ఉంటుంది. ఇంట్లో ఒక్కరికైనా, భార్యకో భర్తకో, ఎదిగిన బిడ్డకో, మీ ఫోను పిన్ తెలిసి ఉండాలి. దంపతుల మధ్య ఇది నమ్మకానికి పెట్టే పరీక్ష కాకూడదు. చెప్పడం ఇష్టం లేకపోతే కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించి, ఫలానా చోట ఉందని చెప్పండి, చాలు.

పిన్ తెలిసినవారికీ ఒక హెచ్చరిక. మనిషి పోయాక ఆయన ఏటీఎం కార్డుతోనో, ఫోన్‌పే, గూగుల్‌పేలతోనో డబ్బు తీయకండి. దినకర్మల ఖర్చుకని తీసేవారు ఎందరో ఉన్నారు, మనసులో దురుద్దేశం ఉండదు. కానీ ఖాతాదారు కన్నుమూసిన క్షణం నుంచి ఆ డబ్బు వారసులందరిదీ. రేపు అన్నదమ్ముల మధ్య మాట తేడా వస్తే ఆ స్టేట్‌మెంటే మీ మీద సాక్ష్యం అవుతుంది. ఇలాంటి అవసరానికే బ్యాంకుల్లో ఉమ్మడి ఖాతా ఉంది. 'ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికి ఉన్నవారు' అనే పద్ధతిలో భార్యాభర్తలు కలిసి ఒక ఖాతా తెరిచి ఇంటి ఖర్చుల డబ్బు అందులో ఉంచుకుంటే ఆపద రోజున ఎవరి ముందూ చేయి చాచనక్కర్లేదు.

నామినీ గురించి మన వాళ్లలో పెద్ద అపోహ ఉంది. నామినీగా పేరు రాస్తే ఆస్తి వాళ్లదైపోతుందని అనుకుంటారు. సాధారణంగా అలా కాదు. నామినీ డబ్బును అందుకునే మనిషి మాత్రమే. అందుకున్నది వారసులకు చెందుతుంది. బీమా సొమ్ము మీద సుప్రీంకోర్టు 1983లో సర్బతీ దేవి కేసులో ఈ మాట చెప్పింది. షేర్ల విషయంలోనూ నామినీకి యాజమాన్యం రాదని 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో చెప్పింది. బీమాలో మాత్రం 2015 నాటి సవరణ తరువాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే వాళ్లకు లబ్ధిదారులుగా హక్కు కల్పించారు. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి ఆస్తిలో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, భార్యాబిడ్డలతో సమానంగా తల్లికి కూడా వాటా ఉంటుంది. కొడుకు పోయిన తల్లికి ఈ సంగతి చెప్పేవారే ఉండరు. నేను కౌంటరు దగ్గర చెప్పినప్పుడు నమ్మలేక మళ్లీ అడిగిన తల్లులున్నారు. ఆ వయసులో ఆమెకు ఆ డబ్బు మందులకైనా, మర్యాదకైనా అవసరం. చుట్టాల్లో చదువుకున్నవారు ఉంటే ఈ మాట ఆమెకు చెప్పండి.

అలాగని నామినీ అక్కర్లేదనుకోకండి. నామినీ ఉంటే డబ్బు చేతికి రావడం తేలిక. లేకపోతే తహసీల్దారు కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల అంగీకార పత్రాలు, మొత్తం పెద్దదైతే సివిల్ కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువీకరణ పత్రం, ఇలా తిరగాలి. ఈ మధ్య నిబంధనలు కొంత మెరుగయ్యాయి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. చనిపోయినవారి ఖాతాల క్లెయిములను, కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశించింది. 2026 మార్చి 31 లోగా బ్యాంకులన్నీ ఈ పద్ధతికి రావాలని గడువు పెట్టింది. కౌంటరులో ఎవరైనా నెలల తరబడి తిప్పితే ఈ 15 రోజుల సంగతి గుర్తుచేయండి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించి, మరణ ధ్రువీకరణ పత్రం నకళ్లు కాస్త ఎక్కువే తీసుకోండి. ప్రతిచోటా ఒకటి అడుగుతారు.

వీలునామా రాసేవారు ఒకటి గమనించాలి. వాట్సాప్‌లో పెట్టిన సందేశం, ఫోన్లో తీసిన వీడియో, ఈమెయిల్, ఇవేవీ వీలునామా కావు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం తన పరిధిలోంచి వీలునామాను పక్కన పెట్టింది. కాబట్టి మీ ఆస్తి ఎంత డిజిటల్ అయినా దాని వీలునామా కాగితం మీదే ఉండాలి. మీ సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. స్టాంపు డ్యూటీ లేదు. అందులో మీ ఫోటోలు ఎవరికి, మీ మెయిల్ ఎవరు చూడవచ్చు, యూట్యూబ్ ఛానెల్ ఎవరు నడపాలి అనేవి కూడా రాయవచ్చు. పాస్‌వర్డులు మాత్రం రాయకండి. వీలునామా రేపు నలుగురి చేతుల్లో పడే కాగితం.

డబ్బు తరువాత మనసుకు దగ్గరగా ఉండేది జ్ఞాపకాలు. వాటి గురించి అడిగేవారు తక్కువ, ఏడ్చేవారు ఎక్కువ. గూగుల్‌లో 2013 నుంచీ ఒక సదుపాయం ఉంది, మన వాళ్లలో ఎంతోమంది దాని పేరే వినలేదు. ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అంటారు. మీరు ఖాతా వాడకుండా ఎన్నాళ్లు గడిస్తే మీరు లేరనుకోవాలో ముందే చెప్పవచ్చు. 3 నెలలు, 6, 12, 18 నెలలు, మీ ఇష్టం. ఆ గడువు దాటితే మీరు పేరిచ్చిన మనుషులకు, 10 మంది దాకా, గూగులే కబురు పంపి మీరు అనుమతించిన ఫోటోలు, మెయిళ్లు, డ్రైవ్‌లో ఉన్నవి అందుకునే వీలిస్తుంది. ఎవరికి ఏది అన్నది మీరే ఎంచుకోవచ్చు. ఫోటోలు కూతురికి, మెయిళ్లు ఎవరికీ వద్దు అనుకుంటే అలాగే. ఇది పెట్టుకోవడానికి పట్టేది కొద్ది నిమిషాలే. పెట్టుకోకపోతే ఏమవుతుంది? రెండేళ్లు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాను, అందులో ఉన్న ఫోటోలతో సహా తీసేసే హక్కు గూగుల్ తన దగ్గర ఉంచుకుంది. 2023 డిసెంబరు నుంచి అది అమలులో ఉంది. సంవత్సరీకం అయ్యాక ఎప్పుడో తీరిగ్గా చూద్దామనుకునే కుటుంబాలకు ఆ రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

ఐఫోను వాడేవారికి 2021 డిసెంబరు నుంచి లెగసీ కాంటాక్ట్ అనే ఏర్పాటుంది. ఐదుగురి దాకా పేర్లివ్వవచ్చు. మీరు పేరిచ్చిన మనిషికి ఒక కీ వస్తుంది. ఆ కీ, మరణ ధ్రువీకరణ పత్రం చూపితే మూడేళ్ల పాటు ఫోటోలు, సందేశాలు చూసుకోవచ్చు. అందులో దాచిన పాస్‌వర్డులు, కొనుక్కున్న సినిమాలు, పాటలు మాత్రం రావు. ఫేస్‌బుక్‌లో కూడా లెగసీ కాంటాక్టును పెట్టుకోవచ్చు. ఖాతాను స్మారక ఖాతాగా మారిస్తే పేరు ముందు 'రిమెంబరింగ్' అని కనబడుతుంది. పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది. మనిషి పోయిన సంగతి తెలియని స్నేహితులు ఏటా ఆ గోడ మీద శుభాకాంక్షలు రాస్తుంటే చూసే భార్యకు అదెంత బాధో ఆలోచించండి. మెసెంజర్‌లోని సందేశాలు మాత్రం లెగసీ కాంటాక్టుకు చూపించరు.

ఇలాంటి సందేశాల మీదే ఒక పెద్ద వ్యాజ్యం నడిచింది. బెర్లిన్‌లో 2012లో 15 ఏళ్ల అమ్మాయి మెట్రో రైలు కింద పడి చనిపోయింది. అది ప్రమాదమా, తానే చేసుకుందా తల్లిదండ్రులకు తెలియలేదు. ఆమె ఫేస్‌బుక్ సందేశాలు చదివితే తెలుస్తుందేమోనన్న ఆశ. పాస్‌వర్డు తల్లి దగ్గర ఉంది. కానీ అప్పటికే ఖాతా స్మారక ఖాతాగా మారింది, లోపలికి దారి లేదు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. కింది కోర్టులో గెలిచారు, పై కోర్టులో ఓడారు. చివరికి 2018 జూలై 12న జర్మనీ ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఉత్తరాలు, డైరీలు వారసులకు ఎలా చెందుతాయో ఆ ఖాతా కూడా అలాగే చెందుతుందని. బిడ్డ పోయిన దాదాపు ఆరేళ్లకు ఆ తీర్పు వచ్చింది. ఆ ఆరేళ్లలో ఆ తల్లి ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపి ఉంటుందో మనం ఊహించుకోగలం.

మన దేశంలో దీనికంటూ విడిగా చట్టం ఇంకా లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 14వ సెక్షన్ మాత్రం ఒక హక్కు ఇచ్చింది. మనం పోయినా, లేదా తెలివి కోల్పోయినా, మన సమాచారం మీద మన హక్కులను మన తరఫున అడగడానికి ఒక మనిషిని నామినేట్ చేసుకోవచ్చు. దీని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. తెలివి కోల్పోవడం అనే మాటను గట్టిగా పట్టించుకోవాలి. చావు గురించి మాట్లాడుకుంటున్నాం గానీ, పక్షవాతంతో మాట పడిపోయి, మతిమరుపు ముదిరి, ఏళ్ల తరబడి మంచంలో ఉండే పెద్దల ఇళ్లలో ఇదే చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ మరణ ధ్రువీకరణ పత్రం ఉండదు, కాబట్టి ఈ క్లెయిములేవీ నడవవు.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి కొంచెం వేరు. అక్కడ చాలా రాష్ట్రాలు 2015లో తయారైన ఒక నమూనా చట్టాన్ని అమలు చేస్తున్నాయి. దాని ప్రకారం, గూగుల్ వంటి సంస్థల సెట్టింగుల్లో మీరు ఎవరి పేరు పెట్టారో అదే ముందు చెల్లుతుంది. వీలునామా దాని తరువాతే. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు, అక్కడి బ్యాంకుల పేర్లు, కొడుకు రిటైర్మెంట్ ఖాతా ఏ కంపెనీలో ఉందో, అక్కడి బీమా ఏమిటో ఒక్క ముక్క తెలియదు. పెళ్లి కాని పిల్లలైతే మరీ. విదేశాల్లో ఉండి ఈ ప్రసంగం వింటున్న పిల్లలారా, అక్కడి మీ ఖాతాల పేర్లు, అక్కడ మీరు నమ్మే ఒక స్నేహితుడి ఫోను నంబరు ఇంట్లో అమ్మకో అక్కకో ఇచ్చి ఉంచండి.

క్రిప్టో కొన్నవారికి ఒక్క మాట. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి దాని లాభం మీద 30 శాతం పన్ను ఉంది. అది ఆస్తేనని మద్రాసు హైకోర్టు 2025 అక్టోబరులో చెప్పింది. కానీ సొంత వాలెట్‌లో ఉంచుకున్నదానికి 12 లేదా 24 పదాల రహస్య వరుస తప్ప వేరే దారి లేదు. అది పోతే ఏ బ్యాంకు మేనేజరూ, ఏ జడ్జీ ఆ డబ్బు తెచ్చివ్వలేరు. యూట్యూబ్ ఛానెల్ మీద నెలనెలా ఆదాయం వచ్చే వంటల అమ్మలు, వ్యవసాయం చెప్పే రైతులు మన పల్లెల్లో ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ ఛానెల్‌కు ఇంట్లో ఇంకొకరిని మేనేజరుగా చేర్చుకోండి. యూట్యూబ్ స్టూడియోలోనే ఆ వీలుంది.

మరి ఇంట్లో ఏం చేయాలి? ఒక నోటుపుస్తకం చాలు, ఖరీదైన యాప్ అక్కర్లేదు. ఒక్కొక్క ఖాతాకు ఒక పేజీ. పైన బ్యాంకు పేరు, బ్రాంచి. కింద ఖాతా చివరి నాలుగంకెలు. ఏ ఫోను నంబరుకు, ఏ మెయిల్‌కు ముడిపడి ఉందో. నామినీ ఎవరో. దాని నుంచి ఏ బీమా, ఏ ఫండ్, ఏ ఓటీటీ చందా దానంతట అదే కట్ అవుతోందో. అప్పులు కూడా రాయండి, క్రెడిట్ కార్డు, చేబదులు, హామీ సంతకాలు సహా. అప్పు దాచిన పుస్తకం సగం పుస్తకమే. పాస్‌వర్డులు, పిన్‌లు ఇందులో వద్దు. ఈ పుస్తకం దొంగ చేతిలో పడినా అతనికి డబ్బు దొరకకూడదు, మీవాళ్ల చేతిలో పడితే దారి దొరకాలి. ఏటా ఒకసారి, ఆదాయపు పన్ను రిటర్ను వేసే జూలైలో, తిరగరాయండి. ఆ నెలలో కాగితాలన్నీ ఎలాగూ బల్ల మీదికి వస్తాయి.

డిజిలాకర్ వాడేవారు అందులో కూడా నామినీని పెట్టుకోండి. 2025 ఏప్రిల్ నుంచి డీమ్యాట్, మ్యూచువల్ ఫండ్ వివరాలు డిజిలాకర్‌లోకి తెచ్చుకునే వీలు కల్పించారు. మనిషి పోయాక నామినీ వాటిని చూడగలుగుతారు. చూడటం వరకే, తీసుకోవడానికి కాదు. అయినా అంతకంటే కావలసిందేముంది? ఏముందో తెలియడమే కదా సగం పని.

ఈ మాటలు ఇంట్లో ఎత్తితే ఏమంటారో నాకు తెలుసు. "అపశకునం మాటలేంటి, తథాస్తు దేవతలుంటారు" అంటారు. మగవాళ్లు "నేనుండగా నీకెందుకా లెక్కలు" అంటారు. భార్యలు "ఆయనే చూసుకుంటారులే" అంటారు. ఈ మూడు మాటలూ ప్రేమతోనే వస్తాయి. కానీ కౌంటరు అవతల నిలబడ్డ ఆడవాళ్లను చూసినవాడిగా చెబుతున్నాను, ఆ ప్రేమ వాళ్లకు ఆ రోజున అన్నం పెట్టలేదు. తన భర్త సంపాదనను తానే అడుక్కుంటున్నట్టు మరిది ముందు, క్లర్కు ముందు నిలబడవలసి రావడం ఏ ఆడబిడ్డకూ రాకూడదు. 2024 మార్చి నాటికి ఎవరూ అడగక రిజర్వు బ్యాంకు నిధికి చేరిన డిపాజిట్లు 78,213 కోట్ల రూపాయలు. పదేళ్లు ఎవరూ ముట్టని ఖాతాల డబ్బు అది. ఉద్గమ్ అనే పోర్టల్‌లో పేరు, పాన్ లేదా పుట్టిన తేదీ వంటి వివరాలు కొట్టి మన పెద్దలవి ఏమైనా ఉన్నాయేమో వెతుక్కోవచ్చు. దొరికితే ఆ బ్యాంకు బ్రాంచిలో క్లెయిమ్ చేసుకోవచ్చు, నిధికి పోయినా హక్కు పోదు.

శ్రోతలారా, ఈ వారం ఒక్క పని చేయండి. మీ ప్రతి ఖాతాలో, మీ పీఎఫ్‌లో నామినీగా ఎవరి పేరుందో తెరిచి చూడండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్లికి ముందు, నాన్నగారి పేరో అమ్మగారి పేరో రాసి మరిచిపోయి ఉంటారు. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు కూడా. పెళ్లయ్యాక పీఎఫ్ నామినేషన్ మళ్లీ ఇవ్వాలన్నది నిబంధన. ఆ పేర్లు ఇవాళే మార్చండి. మార్చిన సంగతి ఆ మనిషికి చెప్పండి.